పసిగుడ్డు మీద లైటు

పానగల్ రోడ్డు మీద మా ల్యాబ్.
రాత్రి పదకొండైనా గోడలు సెగ కక్కుతూనే ఉన్నాయి.
లోపల గాజుగదిలో ఇరవై ఎనిమిదిన్నర.
ఆవగింజంత చేపగుడ్డుకున్న చల్లదనం
నల్లగొండలో నా అద్దెగదికి లేదు.

ఫర్హానా పెంచే చారల చేపలు
పొద్దున లైటు వెయ్యగానే గుడ్లు పెడతాయి.
అద్దంలాంటి గుడ్లు, దాచుకోవడం తెలియనివి.
ఒకదాన్ని ఏరి, పైపొర ఒలిచి,
గంజిలాంటి జిగురులో నిలబెట్టి
పక్కనుంచి వెలుతురును ఉల్లిపొరంత పలుచగా కోసి పంపుతాను.
ఆ పొర తగిలిన చోట కణాలు పచ్చగా పలుకుతాయి.
తగలని చోట చీకటి చీకటిగానే.
రెండు నిమిషాలకో బొమ్మ, తెల్లారేదాకా.

మొదటివారం నాకు ఆశ ఎక్కువ.
లేజర్ నలభై శాతానికి పెంచాను.
ఏం బొమ్మలవి!
ఒక్కో కణం రెండుగా చీలేముందు
నడుం సన్నబడటం కూడా కనపడింది.
పద్నాలుగో గంటకు, తోక సాగాల్సిన చోట
బుడగలు కట్టింది.
ఆ తర్వాత మూడొందల బొమ్మలు, అన్నీ ఒకటే బొమ్మ.
నేను చూసినందుకే చచ్చిపోయింది.
రికార్డులో 'కాంతి దెబ్బ' అని రాశాను.

నైట్ డ్యూటీ లింగస్వామిది మర్రిగూడ దిక్కు.
మెడ తిరగదు ఆయనకు.
ఎవరు పిలిచినా ఒళ్లంతా తిరుగుతాడు
తలుపు తిరిగినట్టు.
వంగి గొట్టంలోంచి చూడలేడని
మానిటర్ కింద పాత రిజిస్టర్లు పేర్చి
ఆయన కళ్లెత్తుకు లేపాం.
చాలాసేపు చూశాడు.
"పసిగుడ్డు మీద గింత లైటేంది బిడ్డా?
మా కాడ బాలింత ఉన్న అర్రల
దీపం గూడ వత్తి తగ్గిస్తరు."

మర్నాడు కొత్త గుడ్డు. నాలుగు శాతం.
పిండిగిర్ని గాలిలో నిలబడి చూసినట్టు
తెరంతా చుక్కలు.
ఏది కణమో, ఏది కెమెరా గొణుగుడో
ఫర్హానా కూడా చెప్పలేకపోయింది.
"ఈ మసకని ఏ జర్నల్ వేసుకుంటది?"
నేనేమీ అనలేదు.
రెండు నిమిషాలను ఐదు చేశాను.

మూడింటికి కరెంటు పోయింది, యూపీఎస్ కూత పెట్టింది.
నీళ్ల క్యాన్ల పక్కన కునికే లింగస్వామి
మొత్తంగా లేచి, మొత్తంగా కూర్చున్నాడు.
వాటిలో ఒక క్యాను వాళ్లూరి బోరుది.
వచ్చే నెల ఆ నీళ్లలో
ఎముక ఎట్ల కడుతుందో చూడాలి.
ఆయనే బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.
ఎందుకని అడగలేదు.

ఇరవై ఐదో గంట. బయట పాల బండ్లు పోయి,
బడి ఆటోలు మొదలయ్యాయి.
ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య
కంటి కింద సన్నటి గొట్టం ఆకారం మారింది.
కెమెరా తప్పనుకున్నాను.
లైవ్ పెట్టాను, పది సెకన్లే.

ఒకటి. ఆగింది. ఒకటి.
ఆగింది, ఈసారి ఎక్కువసేపు. ఒకటి.

ఇంకా గుండె అనడానికి లేదు.
నెట్టడానికి నెత్తురు కూడా సరిగ్గా లేదు,
ఊరికే కొట్టుకోవడం నేర్చుకుంటోంది.
వెలుగు పెంచమని వేలు తొందరపడింది.
ఆర్పేశాను.

డ్యూటీ అయిపోయినా లింగస్వామి పోలేదు.
నల్లబడ్డ తెర ముందు
టిఫిన్ డబ్బా చేతపట్టుకుని అట్లనే నిలబడ్డాడు.
"కొట్టుకుంటనే ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను,
చూడకుండా.