గేజు తప్పిన వాక్యం

గుణుపురంలో మా క్వార్టరు వెనకే పట్టాలు.
చిన్నబండి రోజులు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే.
నాన్న కీమేన్.
తెల్లారకముందే సుత్తి భుజాన వేసుకుని
వదులైన కీలు కొట్టుకుంటూ వంతెన దాకా నడిచేవాడు.

ఇంగ్లీషు రాదు ఆయనకి. సంతకం ఒడియాలో, తిట్లు తెలుగులో.
ఒక రాత్రి బల్బు కింద పైకి చదువుతున్నాను:
‘రాము లైక్స్ స్విమ్మింగ్, రీడింగ్ అండ్ టు కుక్.’
చుట్ట ఆర్పి అడిగాడు,
“ఓలమ్మీ, ఆకర్న కుదుపొచ్చింది కదే. ఏటది?”

మళ్ళీ చదివాను. నిజమే.
ఇంగు మీద, ఇంగు మీద దొర్లొచ్చిన చక్రం
‘టు’ దగ్గర ఎగిరిపడుతోంది.
కుకింగ్ అని మార్చి చదివాను.
“ఆఁ, ఇప్పుడెల్తాది బండి,”
అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు బండి పెద్దది. ఆ క్వార్టర్లు లేవు, నాన్న లేడు.
బస్టాండు పక్కన రేకుల గదిలో నా ట్యూషను.
ఇంట్లో సవర, బడిలో ఒడియా, నాతో తెలుగు మాట్లాడి
పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లలు పదకొండుమంది.
సూత్రం చెప్పను. పైకి చదవమంటాను.
కుదుపొచ్చిన చోట చెయ్యెత్తాలి.
‘టు సో, టు రీప్ అండ్ సెల్లింగ్’: తొమ్మిది చేతులు.
‘షి ఈజ్ టాల్, క్లెవర్ అండ్ ఎ నర్స్’: నాలుగే.
ఐదోది సగం లేచి, జుట్టు సర్దుకున్నట్టు నటించి, దిగిపోయింది.
‘కడిగి, తరిగి, వండటం తిన్నాం’ అంటామా అని అడిగితే మాత్రం
అందరూ పడీపడీ నవ్వుతారు.

నిన్న ఎలియాజర్ గొమాంగో సొంతంగా ఒకటి రాసుకొచ్చాడు.
‘మై అంకుల్ కట్స్ వుడ్, సెల్స్ వుడ్ అండ్ టు చెన్నై.’
పదకొండు చేతులూ లేచాయి. వాడిదీ లేచింది.
“మూడోచోట క్రియ ఏదిరా? గోస్ అని పెట్టు,”
ఎర్రపెన్ను మూత తీశాను.
“ఎల్లాడో, అట్టుకుపోయారో
ఇంకా తెలీదు మేడమ్.”

పట్టా విరిగితే నాన్న
ఏదో ఒక చెక్కముక్క దూర్చి ఊరుకునే మనిషి కాదు.
ఎర్రజెండా పాతి, పక్కనే నిలబడి,
బండిని మనిషి నడకంత వేగంతో దాటించేవాడు.

‘అండ్’ తర్వాత ఎర్రగా చిన్న గీత గీసి
కాస్త జాగా వదిలాను.
చదువు, అన్నాను. మెల్లగా.
కట్స్ వుడ్.
సెల్స్ వుడ్.
అండ్…

ఎవరూ చెయ్యెత్తలేదు.