నైలాన్ పోగు

మా ఆయన వేళ్లు దారాన్ని చదువుతయి.
కళ్లు మూసుకొని తాకి
ఇది ఎనభై నంబరు, ఇది నూరు,
ఇది సేటు చేసిన మోసం అని చెప్తడు.
రాజోలిల ఆ మాటకు తిరుగు లేదు.

కాళ్ల సంగతి ఎవరడిగిండ్రు?
నలభై ఏండ్లుగా అవి
మగ్గం గుంటల చీకట్లనే ఉన్నయి.

శ్రావణమాసం గిరాకీ.
గుంట ఊడ్వడానికి దిగితే
తొక్కుడు చెక్క మీద నల్లగా మరక.
"రంగేలే" అన్నడు.
నేనూ రంగే అనుకున్న.
ఆ వారం మేం అద్దకం పెట్టనే లేదని
తర్వాత యాదికొచ్చింది.

అరికాలు తిప్పి చూస్తే చింతగింజంత బొక్క.
లేచిన మేకు తల రోజూ పొడుస్తున్నా
ఆయనకు తెల్వదు.
"నొప్పే లేదు గదనే, దవాఖాన ఎందుకు?"
నేను పసుపు పెట్టిన. మా అత్త ఆకుపసరు పిండింది.
పొరుగామె వేడినీళ్లల్ల ముంచమన్నది, ముంచినం.
ఎంత వేడో నా చేతికి తెలిసింది.
ఆయన కాలికి తెల్వలే.

జుబేదా సిస్టర్ వచ్చి అవన్నీ ఆపించింది.
సంచిలోంచి ఒక పుల్ల తీసింది,
దాని కొసకు ఒక్కటే నైలాన్ పోగు.
"కళ్లు మూసుకో మార్కండన్నా,
తగిలినప్పుడు చెప్పు."
పది చోట్ల ఆనించింది, పోగు వంగేదాకా.
నేను చూస్తనే ఉన్న, వంగుతున్నది.
బొటనవేలి కింద, లేదు.
మడమ, లేదు.
మూడుసార్లు మాత్రం "ఆ" అన్నడు,
అందుల ఒకసారి ఆమె అసలు ఆనించనే లేదు.

దారం తగిలి తెలియకపోవుడు!
ఆయన మొఖం అట్ల ఎన్నడూ చూడలే,
నేసిన చీర సేటు మొఖాన కొట్టిననాడు కూడా.

షుగరంటే తీపి తినుడే అనుకున్నం.
తీపి మానేసినం గద, గోలీలు ఎందుకని
ఉగాది నుంచే ఆపేసిండు.
అది లోపల్లోపల
పోగు పోగు తెంపుకుంటా పోయింది,
నేతగాని ఇంట్ల, చప్పుడు లేకుండ.

గద్వాల పెద్ద దవాఖానల
చిటికెన వేలు వదిలొచ్చినం.
"పాదం దక్కింది. ఇంకో నెల అయితే..."
డాక్టరు మిగతాది చెప్పలే.

ఇప్పుడు రాత్రి అన్నం తిన్నంక అద్దం తెస్త.
పెండ్లినాటిది, ఒక మూల పెచ్చు పోయింది.
అరికాలి కింద పట్టి, లైటు దగ్గరికి జరిగి
పన్నెల తెగిన పోగు వెతికినట్టు వెతుకుత.
వేళ్ల సందులు తుడిచి ఆరబెడ్త, అక్కడ నూనె పూయొద్దంట.
గోళ్లు అడ్డంగనే తీయాలె, మూలలు తవ్వొద్దు.
పొద్దున సూది, రాత్రి సూది.
చెప్పు లేకుండ గడప దాటొద్దు.

ఆ చెప్పుల కాడనే కొట్లాట.
"మగ్గంల చెప్పులా? మా నాయన కూసున్న గుంట!"
మూడు దినాలు మాటల్లేవు.
నాలుగోనాడు మేకులన్నీ పీకించి
పాత కంబళి, సైకిల్ ట్యూబు కోసి చెక్కలకు కుట్టిన.
కాన్వాసు బూట్లు కొని గుంట అంచున పెట్టి
కండెలు చుట్టుకుంటా కూసున్న.
వేసుకున్నడు. నా దిక్కు చూడలే.

మొన్న రాత్రి అద్దం లోపల పెట్టబోతుంటే
"ఇటు తే" అన్నడు.
నా కాలు ఒళ్లోకి గుంజుకొని
మగ్గం కాడి జరీ పోగు ఒకటి చేతిల పట్టుకున్నడు.
"కళ్లు మూసుకో ఈరమ్మా."

నేను పరీక్ష చేయించుకోక ఎన్నేండ్లాయె?
అసలు చేయించుకున్ననా?

మూసుకున్న.
ఆనించిండో,
ఇంకా ఆనించలేదో.