వాడుక పేరు

ఇన్నిస్‌ఫెయిల్‌లో వాన తెరిపిచ్చిన మూడో రోజు
కౌన్సిల్ ట్రక్కు దిగి, నారింజ రంగు డబ్బా ఊపుకుంటూ
పియెరీనా గారి గేటు తీశాను.
కరెంటు తీగల జోలికొచ్చే చెట్లకి ఇంటూ గుర్తు పెట్టడం నా ఉద్యోగం.

ఈ చెట్టయితే తీగల్ని ఏకంగా
చంకలో పెట్టుకుని నిలబడింది.
కాడకు కూడా రెక్కలున్న ఆకులు.
ఆకుకీ ఆకుకీ మధ్య, చీమల కోసం,
ఆవగింజంత తేనె గిన్నెలు.
కొమ్మకొమ్మకీ మూరెడేసి కాయలు,
ఎవరో పచ్చటి తాళ్ళు పేని
ఆరేసి మరిచిపోయినట్టు.

ఫారంలో మూడో గడి: వాడుక పేరు.
ఇక్కడివాళ్ళు ఐస్‌క్రీం చిక్కుడంటారు. అదే రాశాను.
పెన్ను మూత పెడుతుంటే నోరు ఊరుకోలేదు,
మరి మన మాటల్లో ఏమనాలి?

మనకో అలవాటుంది కదా,
ఓడ దిగిన ప్రతిదానికీ ముందొక సీమ తగిలిస్తాం.
సీమచింత. సీమవంకాయ. సీమసున్నం.
దీన్ని సీమచిక్కుడు అందామంటే
చెట్టూ ఇక్కడే, నేనూ ఇక్కడే,
ఇక సీమ ఎవరికి?
చెట్టుది అమెజాన్ ఒడ్డు.
పియెరీనా నాన్న చెరకు నరకడానికి సిసిలీ నుంచి దిగాడు.
నాది పార్వతీపురం.
ఈ గేటు లోపల సీమవి కానివి చీమలొక్కటే,
అవి కూడా ఏమో.

ఆమె ఓ కాయ తెంపి
తడిబట్ట పిండినట్టు మెలిపెట్టింది.
టప్‌మంది.
లోపల దూది. తడిసిన దూది పొత్తిళ్ళలో
వరసగా నల్లటి గింజలు.
నాలుక మీద కాసేపు బట్టలా ఉండి
తర్వాతెప్పుడో తీపయింది.
గింజ పంటి కింద జారితే తీసి చూశాను,
దానికి అప్పటికే పచ్చటి ముక్కు!
నేల మొహం చూడకుండా కాయలోనే మొలిచేసింది.
"దీనికి ఓపిక లేదు" అంది పియెరీనా,
"మా ఆల్డోలాగే."

నేను సిద్ధంగానే ఉన్నాను.
ఏడుస్తారు. మనవలు ఎక్కిన కొమ్మంటారు.
ఒకాయన గొలుసుతో మానుకి కట్టేసుకున్నాడు కూడా.
అన్నిటికీ కౌన్సిల్ అచ్చేసిచ్చిన జవాబులు
నా జేబులో ఉన్నాయి.

"కొట్టేయండి" అంది. "ఎప్పుడొస్తారు?"

ఆల్డో కాఫీ వేస్తానన్నాడట.
కాఫీకి నీడ కావాలని ముందు దీన్ని పాతాడట.
కాఫీ మూడేళ్ళకి చచ్చింది.
ఆల్డో పోయి తొమ్మిదేళ్ళు.
నీడ మాత్రం ఉండిపోయింది,
కింద కాపాడ్డానికేమీ లేకపోయినా.

"నలభై ఏళ్ళు ఊడ్చాను.
ఆకులు, తొక్కలు, గబ్బిలాలు ఉమ్మిన పిప్పి.
తీపి ఆయనది. చీపురు నాది."

జేబులో ఒక్క జవాబూ పనికిరాలేదు.
డబ్బా ఊపాను, లోపల గోళీ కటకటమంది.
మాను దగ్గరికెళ్ళి ఆగిపోయిన చెయ్యి నాదే.
ఆమె నా చేతిలోది అందుకుని
నిటారుగా ఓ గీత, అడ్డంగా ఇంకో గీత,
ఎన్నాళ్ళో ఆపిన చెక్కు మీద సంతకంలా.
రూలు ప్రకారం అది తప్పు.
రిపోర్టులో రాయలేదు.

మంగళవారం కొట్టేశాం.
రంపంపొట్టు పచ్చి చిక్కుడు తొక్క వాసనేసింది.
మొద్దు పెకలిస్తే వేళ్ళకి పెసరగింజలంత బుడిపెలు,
గాలిని పట్టి నేలలో దాచుకున్న మూటలు,
ఎవరికోసమో.

నెల పోయాక ఆ వీధి మీదుగా వెళ్తుంటే
పియెరీనా వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది.
ఊడ్చడానికి ఎండ తప్ప ఏమీ లేదు.
ట్రక్కు చూసి
చీపురు వీపు వెనక పెట్టుకుంది.

నేనూ చప్పున టోపీ కప్పేశాను,
స్టీరింగ్ పక్కన టీ కప్పులో
నాలుగాకులేసిన దాని మీద.
మా ఆఫీసు జాబితాలో అది కలుపు.
నేనింకా
దానికి పేరు పెట్టలేదు.