సొట్ట

అడుగుకి నాలుగు మిల్లీమీటర్లు.
ఈ లెక్కన రానక్ మూర్ బీడంతా
చివరి షెడ్డుతో సహా
నా వెనక గదిలో, ఇస్త్రీబల్ల పక్కన,
పదకొండడుగుల పలక మీద సర్దుకుంది.

ముప్ఫై ఏళ్ళు ఓబన్‌లో కట్టుడుపళ్ళు చేశాను
ఎవరెవరి చిగుళ్ళకో.
ఇప్పుడు అదే కొక్కెం, అదే ఆకురాయి, అదే మైనం
డీజిల్ ఇంజను ముక్కుకి.

అసలు బీడులో పట్టాలు నేల మీద లేవు.
ఊబిలో వేళ్ళూ పుల్లల మోపులూ బూడిదా పరిచి
వాటి మీద తేల్చారు.
బండి పోతుంటే నేల ఊపిరి పీల్చి వదులుతుంది.
నా బీడు కింద ఒళ్ళు రుద్దుకునే స్పాంజి.
మడుగులకి వార్నిష్, ఏడు పూతలు,
పూతకొక రాత్రి.
పాత స్వెట్టరు చిక్కులు దువ్వి, ఊదా అద్ది
హీదర్ పూయించాను.
వాన మాత్రం పెట్టలేకపోయాను.
అది కిటికీ అవతల ఎలాగూ ఉంది.

ఇక ఇంజను.
పొడుగు ముక్కు, ఉబ్బిన బుగ్గలు.
గట్టెక్కేటప్పుడు దాని గొంతుకి
మూసిన ఇళ్ళల్లో చెంచాలు కదిలేవి.
నాకా జాతి కాదు, ఆ ఒక్కటే కావాలి:
ఎనభై ఏడు చలికాలం, కలప బండి ముందు,
ఎడమ దీపం పక్కన సొట్టతో ఉన్నది.

ఫొటోలు మూడు దొరికాయి.
ఒకదాన్లో పొగ అడ్డం, ఒకదాన్లో పెళ్ళివాళ్ళు అడ్డం,
మూడోది నయం.
దుప్పి గుద్దిందని అందరికీ తెలుసు.
కొమ్ములకి పన్నెండు కొనలని కొందరు,
పద్నాలుగని కొందరు.
దాని మాంసం తిన్నామనేవాళ్ళే
ఒక పెట్టెకి సరిపడా ఉన్నారు.

మైనంతో దుప్పిని చేసి, దాని భుజంతో నొక్కి చూశాను.
మెత్తటిది తగిలితే పళ్ళెంలా గుంట పడుతుంది.
ఫొటోలోది అలా లేదు.
నిలువుగా, తిన్నగా, కత్తి పెట్టినట్టు అంచు.
దవడలు చూసిన కళ్ళు నావి.
ఏది కొరికిన గాటో, ఏది పడితే అయిందో
నాకొకరు చెప్పక్కర్లేదు.

ఫార్కర్ మెకినస్‌ని టీకి పిలిచాను.
ఆ రాత్రి బండి నడిపినవాడు. ఎనభై మూడేళ్ళు.
మెట్లెక్కి, కళ్ళజోడు తుడుచుకుని
ముందు సిగ్నలు చూశాడు, తర్వాత ఇంజను.
చిటికెన వేలి కొన సొట్టలో పెట్టి
చాలాసేపు తియ్యలేదు.

"దుప్పి లేదు, ఎఫీ.
షెడ్డులోకి తెస్తున్నా. రాత్రి రెండు. కునుకు పట్టింది.
గాలికి తలుపు ఒక రెక్క మూసుకుంది.
తెల్లారి కాగితం మీద దుప్పి అని రాశాను.
కొమ్ములు నేను పెట్టలేదు. వాళ్ళే పెట్టుకున్నారు."

టీలో ముంచిన బిస్కెట్టు
విరిగి మునిగేదాకా మర్చిపోయాడు.

అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల లెక్కన
నలభై ఏళ్ళకి దగ్గరపడ్డ అబద్ధం
రెండు మిల్లీమీటర్లు.

నడుపుతావా అన్నాను.
ముందు వంగి, షెడ్డు తలుపులు రెండూ వేలితో తెరిచాడు.
పూర్తిగా తెరుచుకున్నాయా అని
ఇటొకసారి, అటొకసారి చూశాడు.
అప్పుడు తిప్పాడు మీట.
పట్టాలు స్పాంజిలోకి కాస్త దిగి
బండి దాటాక లేచాయి.

మైనం దుప్పి ఎలాగూ ఉంది కదా.
రంగేసి గట్టు మీద నిలబెట్టాను,
పట్టాలకి దూరంగా, మేస్తున్నట్టు.
చూడ్డానికొచ్చినవాళ్ళు అడుగుతారు, ఇదేనా అది అని.
ఇదే అంటాను.
కొనలు లెక్కపెట్టుకోండి అంటాను.