నాలుగో తాడు

అద్దం ముందు నిలబెట్టి
నా వీపు మీద నీలం సిరాతో
చేప ఆకారం గీసింది మిస్ ఆబెర్నెతీ.
"ఈ కండని చంక కిందుగా తిప్పి
ముందుకు తెస్తాం," అంది
బీరువా ఈ గదిలోంచి ఆ గదిలోకి జరిపినంత తేలిగ్గా.
మెడ ఎంత తిప్పినా ఆ చేప నాకు కనబడలేదు.
యాభై ఎనిమిదేళ్ళుగా నాదే,
నేనెప్పుడూ చూడని చోటు.

నార్ఫోక్‌లో మా ఊరి చర్చి మీద ఆరు గంటలున్నాయి.
నాలుగోది నాది.
మూడు వందల కిలోలు దాటిన కంచు.
చేతులతో లాగుతామనుకుంటారు, కింద నిలబడి వినేవాళ్ళు.
చేతులు తాడు వెంట పైకి పోతాయంతే.
దించేది వీపు.

ఇప్పుడా కండ ఇల్లు మారింది.

రెండు సీసాలు, పూల గుడ్డ సంచీలో,
పన్నెండు రోజులు భుజాన మోశాను.
పొద్దున నలభై మిల్లీలీటర్లు, సాయంత్రం ముప్పై అయిదు.
డెరిక్ కళ్ళజోడు పెట్టుకుని, తారీఖులు వేసి,
పాల ఖాతాలా రాసేవాడు.
ఆ మాట ఇద్దరికీ తోచింది.
ఇద్దరం అనలేదు.

పోయినదానికి ఒక పుట్టుమచ్చ ఉండేది, కింది వైపు,
మిరియం గింజంత.
ఏ ఫారంలోనూ దానికి గడి లేదు.

గంటల పెద్ద మోర్లీ చూడ్డానికొచ్చాడు,
టోపీ ఒళ్ళో పెట్టుకుని,
చూపు నా గడ్డం దాటి దిగకుండా కాపలా కాసుకుంటూ.
"పగిలిన గంటని కరిగించి మళ్ళీ పోస్తారు, హిలరీ.
అదే కంచు కదా."
మంచివాడు. బిస్కట్లు తెచ్చాడు.
ఆ పోలిక మాత్రం నాకు పడలేదు.
మళ్ళీ పోసిన గంటకి
తాను పగిలిన సంగతి తెలీదు.

కట్లు విప్పాక ఇదో వింత:
కొత్త రొమ్ము మీద నీళ్ళు పడితే వీపు తడుస్తుంది.
డెరిక్ ఎదురుగా కూర్చుని చెయ్యి వేస్తే
వెనకనుంచి ఎవరో తట్టినట్టు
ఉలిక్కిపడి తిరిగి చూస్తాను.
గోడ ఉంటుంది. గోడకి కోటు.
వీపు దురద పెడితే రొమ్ము గోక్కోవాలి.
ఉత్తరాలింకా పాత చిరునామాకే వెళ్తున్నాయి.

వెన్ను చూపడమంటే పారిపోవడం అంటారు.
నాది పారిపోలేదు.
చంక కింది ఇరుకు సందులోంచి దారి చేసుకుని
ముందుకొచ్చి నిలబడింది.
రొమ్ము విరుచుకుని, అని కూడా అంటారు గానీ
అంత లేదు.
కుట్లు లాగుతాయి.

ఏడో నెలలో, ఒక గురువారం సాయంత్రం,
మెలికల మెట్లెక్కాను, మధ్యలో రెండుసార్లు ఆగి.
గంటల గదిలో అదే చలి, అదే తడి సున్నం వాసన.
నా తాడుకి ఎరుపు తెలుపు ఊలు పట్టు,
నేను లేనప్పుడు ఎవరి చేతుల్లోనో కాస్త మాసి.
లాగాను.
లాగినప్పుడల్లా స్వెట్టర్ కింద
ఎడమ రొమ్ము గెంతింది,
నిద్రలో పేరు వినబడిన కుక్క చెవిలా.

గంటని దించుతున్నది అది కాదు.
ఆ పని వేరే కండలు నేర్చుకున్నాయి,
ఆలస్యంగా, తిట్టుకుంటూ.
దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూడో తాడు దగ్గర కుర్రాడు ఫెలిక్స్ చూశాడు.
చూడలేదన్నట్టు కిటికీ వైపు తిరిగి, చెవులు ఎర్రబడి,
వరస తప్పాడు.
నాకు నవ్వు ఆగలేదు. నేనూ తప్పాను.
ఆ రాత్రి ఊరంతా విన్నది
మా ఇద్దరి తప్పు.

"ఆ నరం తెంచేస్తే ఇక గెంతదు,"
అంది మిస్ ఆబెర్నెతీ. "చిన్న పని.
చాలామంది చేయించుకుంటారు."
బొత్తాలు పెట్టుకుంటూ ఒకటి తప్పు కన్నంలో పెట్టి,
విప్పి, మళ్ళీ పెట్టాను.
"ఉండనీండి," అన్నాను.
"శనివారం పెళ్ళి ఉంది."