పోటు

కేజీహెచ్ మెట్ల మీద నూకరత్నం
కాగితం చాపి నా చేత చదివించుకుంది.
డాక్టరు రాసింది ఇంగ్లీషులో.
గుండెపోటు అన్న తెలుగు మాట నాదే.
లోపల మంచమ్మీద దానయ్య.

నిన్నటిదాకా ఆమెకి పోటంటే
పున్నమి సముద్రం.
జాలారిపేట గట్టెక్కొచ్చి
ఎండేసిన నెత్తళ్లను ఎత్తుకుపోయేది.

నాది నిఘంటువుల పిచ్చి.
పొడుచు లోంచి పోటు, అనుకున్నాను అలవాటుగా.
కత్తి పొడిచినా పొద్దు పొడిచినా ఒకటే క్రియ.
రోకలి దెబ్బా పోటే, వెన్నులో దిగేదీ పోటే,
తల బద్దలయ్యేదీ.
ఇన్నేళ్లూ ఇవన్నీ పోగేసి
ఏం పొడిచానో.

బీచ్ రోడ్డు వైపు నుంచి ఉప్పుగాలి.
"పోటొచ్చాక ఆటొస్తాది గదా బాబూ,
ఎన్ని గంటలకో రాసుందేటి ఇందులో?"

కాగితం వెనక్కి తిప్పి చూశాను,
రాసి ఉంటుందేమోనని.