తువ్వాలు కింద వేళ్ళు

రాత్రి రెండుంపావు.
పోర్టు కంట్రోల్ రూమ్‌లో ఏసీ చప్పుడూ, నేనూ.
కిటికీ అవతల డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
ఎవరినో వెతుకుతున్నట్టు తిరుగుతోంది.
కాకినాడ లైను పోయింది.

తీగ బాగానే ఉంది, పింగ్ వెళ్ళి వస్తూనే ఉంది.
పోయింది మాట.
అటూ ఇటూ రెండు పెట్టెలు
"నువ్వు నువ్వేనా?" అని అడుగుతున్నాయి,
ఒకదాన్నొకటి నమ్మడం లేదు.
లాగ్‌లో ఒకటే వాక్యం, నిమిషానికి నాలుగుసార్లు:
బేరం కుదరలేదు.
బేరం కుదరలేదు.

బేరం అనగానే పెదనాన్న ఎల్లాజీ.
జాలరిపేట ఇసకలో పాత మరబోటు అమ్మిన రోజు
చుట్టూ నలభై మంది, చెవులు రిక్కించుకుని.
కొనేవాడూ ఈయనా నోరు మెదపలేదు.
చేతుల మీద తువ్వాలు కప్పి
వేలు పట్టి, వదిలి, మళ్ళీ రెండు పట్టి...
అందరి ముందే కుదిరింది,
ఎవరికీ తెలియకుండా కుదిరింది.
"ఎంతకిచ్చీసినావు?" అని పెద్దమ్మ అడిగితే
"తువ్వాలునడుగు" అన్నాడు.

ఆ తువ్వాలు జారకుండా చూడడం నా ఉద్యోగం.
ఎనిమిది గంటలకోసారి తాళంచెవి చచ్చిపోతుంది,
అది పోయేలోపే ఇంకోటి పుడుతుంది.
పుట్టినదాని మొహం నేనూ చూడను.
దాన్ని ఎవరూ ఎవరికీ పంపరు.
చెరో అంకె కడుపులో దాచుకుని
పసుపులో సున్నం కలిపిన ఎరుపు మాత్రం
పైకి చూపించుకుంటారు.
దారిలో దొంగ ఆ ఎరుపంతా పట్టుకుపోనీ,
పసుపు పసుపుగా, సున్నం సున్నంగా
విడదియ్యమనండి చూద్దాం.

ఫోను. అవతల పేర్రాజు గారు.
"పోలేశ్వరి గారూ, తెల్లారితే ఓడొచ్చేత్తదండీ.
ఈ సర్టిఫికెట్ల గోల పక్కనెట్టి
ఏదో ఓ పాస్‌వర్డు వాట్సాప్‌లో పడేయండి,
ఇక్కడ కొట్టేత్తాను."
సంత మధ్యలో తువ్వాలు తీసెయ్యమంటున్నాడు మహానుభావుడు.

"టైమెంతైంది అక్కడ?" అన్నాను.
"రెండున్నర కదండీ."
"గోడ మీద కాదు సార్, పెట్టె లోపల."
కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత చిన్న గొంతుతో,
"రెండువేల సంవత్సరం, జనవరి ఒకటండీ."

సాయంత్రం కరెంటు పోయిందట,
యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి కూర్చుందట,
పెట్టె మళ్ళీ లేచి తన వయసు మరిచిపోయింది.
దాని లెక్కన నా సంతకం ఇంకా పుట్టలేదు.
పుట్టని మనిషి ఇచ్చిన మాటని
ఎవరు మాత్రం నమ్ముతారు?

ఆయన అక్కడ గడియారం దిద్దాడు, ఒక్కో అంకె పైకి చదువుతూ.
ఇక్కడ నేను సర్వీసు ఆపి, లేపాను.
ఊపిరి బిగబట్టానని
వదిలాకే తెలిసింది.
రెండు యాభై మూడు: బేరం కుదిరింది.

ఆ తలుపులోంచి మొదట ఏం వెళ్ళిందో.
బొగ్గు టన్నుల లెక్కో, ఓ క్రేన్ డ్రైవర్ సెలవు చీటీయో.
తెలియకుండా ఉండడానికే నాకు జీతం.

ఆరింటికి రిజిస్టర్లో సంతకం పెట్టి
ఫిషింగ్ హార్బర్ మీదుగా నడిచాను.
పెదనాన్న పోయి మూడేళ్ళు.
బోటు ఎంతకి పోయిందో పెద్దమ్మకి ఇప్పటికీ తెలీదు.
జెట్టీ మీద మా అమ్మ, మోకాళ్ళ దాకా తడి,
కోనాం చేప తల పైకెత్తి పట్టుకుని
గొంతు చించుకుని ధర అరుస్తోంది,
ఊరంతటికీ వినబడేలా.